మరిది వదిలివెళ్లిన పిట్‌బుల్, ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు

హన్మకొండ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, వీధి బయటపెట్టవద్దని కోరారు. ఆమెకు నాలుగేళ్ల బాబు, పదకొండు నెలల పాప. భర్త భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగి. అక్కడే క్వార్టర్‌లో ఉంటూ వారానికొకసారి సెలవు రోజున ఇంటికి వస్తారు. ఇంట్లో ఉండేది ఆమె, పిల్లలు, మోకాళ్ల నొప్పులతో బాధపడే అత్తగారు. ముందు గదిలో ఆమె జాకెట్లు కుడతారు, మగ్గం పని చేస్తారు. అందుకని పొద్దున్నుంచి చీకటి పడేదాకా గేటు తెరుచుకుంటూ మూసుకుంటూనే ఉంటుంది.

ఏడాదిన్నర క్రితం ఆమె మరిది హైదరాబాద్‌లో ఒకరి దగ్గర పిట్‌బుల్ జాతి కుక్కపిల్లను కొని తెచ్చాడు. అప్పటికే దాని చెవులు కత్తిరించి ఉన్నాయి. రాకీ అని పేరు పెట్టాడు. తిండి, స్నానం, నడక అన్నీ అతనే చూసుకునేవాడు. కొన్ని నెలల క్రితం అతను పై చదువులకు జర్మనీ వెళ్లిపోయాడు. రాకీ వీళ్ల దగ్గర ఉండిపోయింది.

ఇంతవరకూ అది మనుషులెవరినీ కరవలేదు. కానీ మూడు సంగతులు ఆమెకు నిద్ర పట్టనివ్వడం లేదు. ఒకరోజు బాబు చేతిలోని చపాతీ ముక్క కింద పడింది. రాకీ దాని మీద మూతి ఆనించింది. బాబు తీసుకోబోతే అది ఒళ్లు బిగబట్టి, తల ఎత్తకుండానే కళ్లు పక్కకు తిప్పి చూసి గుర్రుమంది. అప్పుడు ఇంట్లోనే ఉన్న భర్త చెప్పుతో నాలుగు దెబ్బలు వేశారు. ఇంకోరోజు గేటు సందులోంచి వీధికుక్క ఒకటి తొంగిచూస్తే, రాకీ పట్టీలోంచి తల లాక్కుని బయటికి దూకి దాని మెడ పట్టుకుంది. ఇరుగుపొరుగు వారు బకెట్లతో నీళ్లు కుమ్మరిస్తే గానీ వదల్లేదు. మూడోది పాప గురించి. పాప నేల మీద పాకుతూ కీచుమని అరిచినప్పుడల్లా రాకీ చేస్తున్నది ఆపేసి, మెడ ముందుకు చాచి, కదలకుండా అటే చూస్తుంది.

ఆమె మాటల్లోనే: "నన్ను చూస్తే దాని ఒళ్లంతా ఊగిపోతుంది. నాకు జ్వరం వచ్చినప్పుడు మంచం పక్కనుంచి కదల్లేదు. మా వారు 'అంతా పెంచే తీరులో ఉంటుంది, విదేశాల్లో దీన్ని పిల్లల ఆయా అనేవారు' అని వీడియోలు చూపిస్తారు. అత్తమ్మ పెరట్లో గొలుసు వేసి కట్టేయమంటుంది. పరకాలలో ఉన్న మా అమ్మ రాత్రిపూట ములుగు రోడ్డు మీద వదిలేసి రమ్మంటుంది. మా వారి స్నేహితుడు జగిత్యాల దగ్గర తన మామిడితోటకు కాపలాగా ఇవ్వమని అడుగుతున్నాడు. మా వీధి చివరి అబ్బాయి ముప్పై వేలు ఇస్తానంటున్నాడు. ఉంచుకుంటే పిల్లలకు ఏమవుతుందోనని భయం. పంపిస్తే నోరులేని జీవికి అన్యాయం చేసినదాన్ని అవుతానేమోనని బాధ. ఏం చేయను?"

అమ్మా, దారులన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందుగా ఒక పని ఈరోజే చేయండి. మీరు ఏ నిర్ణయం తీసుకున్నా సరే, అది తేలేదాకా రాకీ, పిల్లలు ఒకే చోట ఉండకూడదు. ఐదు నిమిషాలకైనా, మీరు పక్కనే కూర్చున్నా కూడా. పెరట్లోకి తలుపున్న వెనక గది ఒకటి ఉందని రాశారు కదా, ఇప్పటికి అది రాకీ గది. అందులో ఫ్యాను, నీళ్లు, పడుకోవడానికి పాత బొంత ఉండాలి. తలుపు గడియ బాబు చేతికి అందనంత ఎత్తున బిగించండి. పిల్లలు నిద్రపోయాక, లేదా మీ వారు ఇంట్లో ఉండి పిల్లలను లోపల చూసుకుంటున్నప్పుడు, మీరు రాకీ దగ్గర కూర్చోండి. దానికి మీ తోడు కావాలి. పిల్లలు లేకుండా ఆ తోడు ఇవ్వవచ్చు.

ఇక మీరు రాసిన మూడు సంగతులు. వాటిని కలిపి చూస్తే కుక్క 'మంచిది' లేదా 'చెడ్డది' అనే తీర్పు దగ్గర ఆగిపోతాం. విడివిడిగా చూస్తే ఒక్కోటి ఒక్కో విషయం చెబుతుంది.

చపాతీ దగ్గర రాకీ చేసింది చాలా కుక్కలు చేసే పనే. తన నోటి దగ్గరి తిండికి ఎవరైనా చేయి చాపితే ముందు ఒళ్లు బిగుసుకుంటుంది, కంటి తెల్లగుడ్డు పక్కనుంచి కనిపిస్తుంది, పెదవి లేస్తుంది, ఆ తర్వాత గుర్రుమంటుంది. ఇవన్నీ 'దూరంగా ఉండు' అని చెప్పే మెట్లు. మీరు ఆ కంటి చూపు దాకా గమనించి రాశారంటే మీ పరిశీలన గట్టిది, దాన్ని నమ్మండి. అయితే ఆ గుర్రుకు చెప్పుదెబ్బ పడటం మాత్రం నన్ను కలవరపెట్టింది. వంటగ్యాస్‌కు సహజంగా వాసన ఉండదు. లీకైతే మనకు తెలియాలని కంపెనీలే వాసన కలుపుతాయి. కుక్కను కొట్టి గుర్రు మాన్పించడం ఆ వాసనను తీసేయడమే, లీకు అలాగే ఉంటుంది. గుర్రుమన్నప్పుడల్లా దెబ్బలు తిన్న కుక్క ఆ మెట్లన్నీ వదిలేసి నేరుగా కరవడం నేర్చుకోవచ్చు. 'ఏ సూచనా లేకుండా కరిచింది' అని తర్వాత అందరూ అనుకుంటారు. మీ వారు పిల్లవాడి మీది ప్రేమతోనే కొట్టారు, అందులో నాకు సందేహం లేదు. ఇకమీదట ఎవరూ కొట్టకూడదని మాత్రం ఆయనకు గట్టిగా చెప్పండి. పైగా చెవులు కత్తిరించిన కుక్క ముఖంలో మనం చదవగలిగే గుర్తులు ముందే తగ్గిపోయాయి. చెవులు వెనక్కి వాలితే భయం అని చిన్నపిల్లవాడికి నేర్పడానికి రాకీకి వాలే చెవులే లేవు.

ఈ గుర్రు వెనక నొప్పి కూడా ఉండవచ్చు. చెవిలో పుండు, పంటి పోటు, మన ప్రాంతంలో గోమార్ల వల్ల వచ్చే జ్వరం, వీటిలో ఏదున్నా కుక్క చిరాకుగా ఉంటుంది. మరిది వెళ్లాక డాక్టరుకు చూపించినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, హన్మకొండలో మీకు దగ్గరి పశువైద్యుడు ఉంటాడు. ఎవరి దగ్గరికైనా ఈ వారంలోనే తీసుకెళ్లండి. రేబిస్ టీకా ఏటా వేయించాలి, చీటీ దాచుకోవాలి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా అడగండి. దానితో పారిపోవడం, మగ కుక్కలతో కొట్లాట కొంత తగ్గవచ్చు. పిల్లలతో భద్రతకు అదొక్కటే హామీ అని మాత్రం అనుకోవద్దు.

వీధికుక్క సంగతి వేరు. తోటి కుక్క మీద దూకే కుక్క మనుషుల మీద దూకి తీరాలని లేదు, ఆ రెండూ వేర్వేరు గుణాలు. ఈ జాతికి తోటి కుక్కలంటే పడకపోవడం సాధారణంగా ఏడాది నుంచి మూడేళ్ల మధ్య, కుక్క పూర్తిగా ఎదిగే కాలంలో బయటపడుతుంది. రాకీ ఇప్పుడు సరిగ్గా ఆ వయసులోనే ఉంది. నా ఆందోళన ఏమిటంటే, ఆ రోజు గొలుసు బాబు చేతిలో ఉంటే? లేదా బాబు మధ్యలో నిలబడి ఉంటే? కొట్లాట వేడిలో ఉన్న కుక్క మధ్యలో ఎవరున్నారో చూసుకోదు. బుల్‌డాగ్‌నూ టెర్రియర్‌నూ కలిపి ఈ కుక్కల పూర్వీకులను తయారుచేసిన ఇంగ్లండులో, 1835లో ఎద్దుల మీదికి కుక్కలను ఉసిగొల్పే ఆట నిషేధమయ్యాక, వాటిని రహస్యంగా గోతుల్లో కుక్కల పందేలకు వాడారు. పట్టింది వదలనివాటినే ఏరి పెంచారు. దవడకు తాళం పడుతుందనే మాట అబద్ధం, అన్ని కుక్కల దవడ లాంటిదే వాటిదీ. కానీ పట్టు వదలకపోవడం, పట్టుకుని విదిలించడం అనే అలవాటు నిజం. బకెట్ల నీళ్లతో మీరది కళ్లారా చూశారు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది మూడోది. పాప అరుపుకు రాకీ బిగుసుకుని చూడటం. అది ప్రేమ కావచ్చు, కుతూహలం కావచ్చు. కీచుమనే చప్పుడు, తొట్రుపాటు కదలిక కుక్కలోని వేట ఆసక్తిని కదిలించడమూ కావచ్చు. వీటిలో ఏదో నేను ఇక్కడి నుంచి చెప్పను. నేరుగా చూడకుండా ఎవరు చెప్పినా నమ్మవద్దు. అయితే ఒక మాట. ఇంకో నెలా రెండు నెలల్లో మీ పాప నడుస్తుంది. పడుతుంది, లేస్తుంది, అరుస్తుంది, దొరికినదాన్ని పట్టుకుని నిలబడుతుంది. రాకీ తోక, మెడ, తిండి గిన్నె అన్నీ పాపకు అందేంత ఎత్తున ఉంటాయి. పసిపిల్లలను కుక్క కరిచే ఘటనలు ఎక్కువగా జరిగేది ఇంట్లోనే, తెలిసిన కుక్కతోనే. గాయాలు కూడా ముఖానికి, తలకు, మెడకే ఎక్కువ.

మీ వారి మాటలోనూ నిజం ఉంది, అది చెప్పకపోతే ఆయనకు అన్యాయం. 2022లో 'సైన్స్' పత్రికలో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. పద్దెనిమిది వేలకు పైగా కుక్కల యజమానులను అడిగి చేసిన ఆ అధ్యయనంలో, ఒక్కో కుక్క ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమేనని తేలింది. అంటే జాతి పేరు చూసి ఒక కుక్క స్వభావం చెప్పలేం. ఎవరినీ కరవకుండా ముసలితనం దాకా బతికే పిట్‌బుల్స్ ఎన్నో ఉన్నాయి. రాకీ కూడా అలాంటిదే అయి ఉండవచ్చు.

కానీ 'పిల్లల ఆయా' కథకు చరిత్రలో ఆధారం లేదు. ఈ కుక్కలను ఎవరూ ఆ పనికి పెంచలేదు, పెంచింది దేనికో పైన చెప్పాను. వీడియోల్లో పసిపాప మీద తల పెట్టి పడుకున్న కుక్క కనిపిస్తుంది, ఆ తర్వాతి గంట కనిపించదు. 'పెంచే తీరు' అన్న మాటను కూడా కొంచెం ఆగి చూడాలి. 2022 జులైలో లక్నోలో 82 ఏళ్ల విశ్రాంత ఉపాధ్యాయిని చనిపోయింది ఇంట్లో కొడుకు పెంచుకుంటున్న పిట్‌బుల్ దాడిలోనే. అది పరాయి కుక్క కాదు. అలాంటివి అరుదు, నిజమే. పొమెరేనియన్ లాంటి చిన్న కుక్క కూడా కరుస్తుంది, నిజమే. కాకపోతే పొమెరేనియన్ పొరపాటుకూ, పాతిక కిలోల కండబలం ఉన్న కుక్క పొరపాటుకూ పసిపిల్ల ఒంటి మీద పడే ఫలితం ఒకటి కాదు. 'ఎన్నిసార్లు జరుగుతుంది' అని మీ వారు అడుగుతున్నారు. 'జరిగితే ఎంత' అని మీరు అడుగుతున్నారు. రెండూ సరైన ప్రశ్నలే. పిల్లల విషయంలో మాత్రం రెండోదానికి ముందు జవాబు చెప్పాలి.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాక నాకు కనిపించింది ఇది: ఆ కుక్కను కోరుకున్నది మీ మరిది, ఉంచాలంటున్నది మీ వారు, రోజంతా కాపలా కాయాల్సింది మీరు. పాపకు పాలు పడుతూ, జాకెట్ కొలతలు తీసుకుంటూ, గేటు చప్పుడు వింటూ, పొయ్యి మీద అన్నం చూసుకుంటూ, ఒక్క తలుపు గడియ పడిందా లేదా అన్నది మీరే గుర్తుంచుకోవాలి. అత్తయ్యగారు ఆ కుక్కను ఆపలేరు. కొలతలకు వచ్చే ఆడవాళ్లు తమ పిల్లలను వెంట తెస్తారు, వాళ్లకు మీ ఇంటి నియమాలు తెలియవు. వారంలో ఆరు రోజులు, రోజుకు పదహారు గంటలు ఒక మనిషి ఒక్క పొరపాటూ చేయకుండా ఉండాలనే ఏర్పాటు నిలబడదు. అది మీ ఓపిక తక్కువై కాదు, ఏ తల్లికీ అది సాధ్యం కాదు. రాకీ ఎంత మంచిదో తేల్చే పని పక్కన పెట్టండి. ఈ కాపలా ఎవరు, ఎలా చేస్తారన్నది తేల్చుకోండి.

ఉంచుకోవాలనే అనుకుంటే దానికి ఏం కావాలో చెబుతాను. వెనక గదికి, ముందు గదికి మధ్య వెల్డింగ్ చేయించిన గ్రిల్ తలుపు ఒకటి, దాని తర్వాత మామూలు తలుపు ఇంకొకటి. ఒకటి మరిచిపోయినా రెండోది ఆపాలి. గేటుకు తనంతట తాను మూసుకునే స్ప్రింగు. రాకీ తిండి ఎప్పుడూ మూసిన గదిలో, గిన్నె తీసేది అది బయటికి వెళ్లాకే. బయట తిప్పేది పెద్దవాళ్లు మాత్రమే, తల జారని ఛాతీ పట్టీతో. నడకకు, డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మూతికి చిక్కం. ఎడ్లకు కట్టే చిక్కంలాగా బుట్ట ఆకారంలో ఉన్నది కొనండి. గుడ్డపట్టీతో మూతి బిగించేది వద్దు. కుక్క నోరు తెరిచి రొప్పితేనే ఒంటి వేడి తగ్గుతుంది, మన వరంగల్ ఎండల్లో బిగించిన మూతితో దానికి ప్రాణాపాయం. చిక్కం పెట్టాం కదా అని పిల్లల దగ్గరికి వదలకూడదు కూడా. ఇవి గాక రోజూ పొద్దునా సాయంత్రం గంటసేపు నడక, ఆట, శిక్షణ. ఈ జాతికి ఒంటి పని లేకపోతే ఆ బలం కొరకడంలోకి, దూకడంలోకి పోతుంది. కొట్టకుండా, తినుబండారం ఇచ్చి నేర్పే శిక్షకుడు కావాలి. ఇదంతా కనీసం పాపకు ఆరేడేళ్లు వచ్చేదాకా, ఒక్కరోజు సెలవు లేకుండా. మీ వారు హన్మకొండకు మకాం మార్చగలిగితే, లేదా జీతం ఇచ్చి ఒక మనిషిని పెట్టగలిగితే ఇది కుదురుతుంది. ఇప్పుడున్న ఏర్పాటుతో కుదరదని నా అభిప్రాయం.

ఈలోగా బాబుకు కొన్ని నేర్పవచ్చు. తింటున్న, నిద్రపోతున్న కుక్క దగ్గరికి వెళ్లకూడదు. కావలించుకోకూడదు, మీదెక్కకూడదు. ఏ కుక్కయినా మీదికొస్తే పరుగెత్తకుండా, చేతులు దగ్గరికి తీసుకుని, కళ్లలోకి చూడకుండా చెట్టులా నిలబడాలి. వీధికుక్కల విషయంలోనూ ఇది పనికొస్తుంది. కానీ నాలుగేళ్ల పిల్లవాడు నేర్చుకున్నది ఆటలో మరిచిపోతాడు, పాపకైతే నేర్పే వయసే రాలేదు. ఆ పాఠాన్ని మీ భద్రతలో లెక్క వేయకండి.

పెరట్లో గొలుసు వేసి కట్టేయమన్న అత్తయ్యగారి సలహా భయంలోంచి వచ్చింది, కానీ అది ప్రమాదాన్ని పెంచుతుంది. రోజంతా కట్టేసిన కుక్క వచ్చేపోయే ప్రతి నీడనూ శత్రువుగా చూడటం మొదలుపెడుతుంది. గొలుసు తెగిన రోజు, లేదా బంతి కోసం బాబు దాని దగ్గరికి పరుగెత్తిన రోజు ఏమవుతుందో మీరే ఊహించగలరు. పొట్టి గొలుసుతో చాలాసేపు కట్టి ఉంచడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా.

మీ అమ్మగారి సలహా మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ములుగు రోడ్డు మీద వదిలేస్తే రాకీ ఆకలితో చస్తుంది, లేదా బండి కింద పడుతుంది, లేదా ఏదో ఊరి పిల్లవాడి దగ్గరికి చేరుతుంది. 2023 మే నెలలో మన కాజీపేట రైల్వే కాలనీలోనే వీధికుక్కల దాడిలో ఒక పసివాడు ప్రాణం పోగొట్టుకున్నాడు. మన ఇంటి భయాన్ని తీసుకెళ్లి పేరు తెలియని ఇంకో తల్లి వాకిట్లో దింపకూడదు. పెంచిన జంతువును దిక్కులేకుండా వదిలేయడమూ అదే చట్టం కింద నేరమే.

ముప్పై వేలు ఇస్తానన్న అబ్బాయిని ఒక్క ప్రశ్న అడగండి: ఆపరేషన్ చేయించిన తర్వాత ఇస్తే తీసుకుంటావా? వద్దంటే వాడికి కావలసింది కుక్కపిల్లలను పుట్టించి అమ్ముకునే కుక్క, లేదా పందేనికి దింపే కుక్క. జంతువులను పోట్లాటకు ఉసిగొల్పడం శిక్షార్హం. ఆ డబ్బు మీ ఇంటికి రాకపోవడమే మేలు.

జగిత్యాల తోట సంగతి తొందరగా అవుననీ కాదనీ అనలేం. తోట అనగానే విశాలంగా, స్వేచ్ఛగా ఉంటుందని మనసుకు ఊరట కలుగుతుంది. కానీ మామిడి కోతకు కూలీలు వస్తారు, ఆడవాళ్లు చంటిపిల్లలను చెట్టు కింద పడుకోబెట్టి పని చేస్తారు. గొర్రెలు, మేకలు, కాపరుల కుక్కలు తోట దాటుతుంటాయి. రాత్రి విప్పి వదిలి, పగలు షెడ్డు కింద కట్టేసే పద్ధతి అయితే మీ పెరటి గొలుసే అక్కడికి మారుతుంది. మీ వారిని ముందుగా ఒకసారి వెళ్లి చూసి రమ్మనండి. చుట్టూ ప్రహరీ లేదా గట్టి కంచె ఉందా, అక్కడ రాత్రింబవళ్లు ఉండే మనిషి ఎవరు, అతనికి పిల్లలున్నారా, తిండి ఎవరు పెడతారు, ఇవన్నీ కళ్లతో చూశాకే మాట ఇవ్వాలి.

నా మనసు మాత్రం మరో దారి వైపు మొగ్గుతోంది: పిల్లలు లేని, కుక్కలను పెంచిన అనుభవం ఉన్న పెద్దవాళ్ల ఇల్లు. దొరకడం ఆలస్యం కావచ్చు, నెలలు పట్టవచ్చు. టీకాలు వేసే డాక్టరునే అడగండి, ఎవరి ఇంట్లో ఎలాంటి కుక్క బతుకుతోందో వారికి తెలుస్తుంది. జంతు సంరక్షణ సంస్థలకు ఫోన్ చేయండి. ఇచ్చేటప్పుడు ఏదీ దాచవద్దు. చపాతీ దగ్గర గుర్రుమన్నది, వీధికుక్కను పట్టుకున్నది, పాపను అలా చూసేది, మూడూ చెప్పాలి. దాచి ఇస్తే అది మోసం, రాకీ మళ్లీ చేతులు మారుతుంది. ఆపరేషన్ చేయించి, టీకా చీటీతో పాటు, ఇంకొకరికి అమ్మబోమని, కుదరకపోతే మీకే తెలియజేస్తామని కాగితం రాయించుకుని ఇవ్వండి.

చెప్పడానికి కష్టమైన మాట ఒకటి ఉంది. రేపు రాకీ ఒక మనిషిని కారణం లేకుండా, గట్టిగా కరిస్తే, ఇంకో ఇంటికి ఇవ్వడం న్యాయం కాదు. అప్పుడు పశువైద్యుడితో నొప్పి లేకుండా శాశ్వతంగా నిద్రపుచ్చడం గురించి మాట్లాడాల్సి వస్తుంది. ఈరోజు మీరు అక్కడ లేరు. ఆ స్థితి రాకముందే కదలమని చెప్పడానికే ఇది రాశాను.

చట్టం గురించి ఇరుగుపొరుగు రకరకాలుగా చెబుతున్నారని రాశారు. 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ పిట్‌బుల్‌తో సహా 23 జాతుల దిగుమతి, పెంపకం, అమ్మకం ఆపాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఏప్రిల్‌లో కర్ణాటక, ఢిల్లీ హైకోర్టులు, సంబంధిత వర్గాలను సంప్రదించలేదన్న కారణంతో దాన్ని కొట్టివేశాయి. ఆ లేఖను చూపించి రాకీ మీ ఇంట్లో ఉండటమే నేరమని ఎవరూ మిమ్మల్ని బెదిరించలేరు. అయితే నిర్లక్ష్యం వేరే సంగతి. పెంపుడు జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. జాకెట్ కొలతలకు వచ్చినవారికి ఏమైనా అయితే ఈ సెక్షన్ మీ ఇంటి తలుపు తడుతుంది.

కుక్క పన్ను చిన్నగా గీరుకున్నా సరే, గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు కడగాలి. కారం, పసుపు, సున్నం, కాఫీపొడి ఏదీ పూయకూడదు. వెంటనే ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లండి. రాకీకి టీకా వేయించాం కదా అని ఆగవద్దు. చర్మం తెగి రక్తం వచ్చిన గాయమైనా, ముఖం మీద గాయమైనా టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబ్యులిన్ (రేబిస్‌ను వెంటనే ఎదుర్కొనే మందు) కూడా ఇవ్వాల్సి ఉంటుంది. మొదలుపెట్టిన టీకాలు డాక్టరు చెప్పిన తేదీలన్నిటికీ పూర్తి చేయాలి. ఇది అత్తయ్యగారికి కూడా చెప్పి ఉంచండి, ఆ సమయానికి ఇంట్లో ఆమె ఒక్కరే ఉండవచ్చు.

మీ వారితో ఎలా మాట్లాడాలని అడిగారు. 'కుక్కా, పిల్లలా' అని అడగకండి. ఆయనకు అందులో తమ్ముడి నమ్మకం కూడా ఉంది. వెళ్తూ వెళ్తూ తమ్ముడు చేతిలో పెట్టినదాన్ని పంపేయడం మాట తప్పినట్టు ఆయనకు అనిపిస్తుండవచ్చు. అందుకని ముందు మీ మరిదికే ఫోన్ చేయండి, మీ వారు పక్కనే ఉండగా. మూడు సంగతులూ మీ ఉత్తరంలో రాసినంత వివరంగా చెప్పండి. కుక్క అతనిది, కొత్త ఇల్లు వెతికే బాధ్యతలో, ఖర్చులో అతనికీ వాటా ఉండాలి. తర్వాత మీ వారికి ఒక మామూలు సోమవారం ఎలా గడుస్తుందో చెప్పండి. ఏ గంటకు పాపకు స్నానం, ఏ గంటకు ఎవరు గేటు తీశారు, ఆ సమయంలో రాకీ ఎక్కడుంది. వాదన పెట్టుకోకుండా ఆ రోజును వరుసగా చెప్పి, ఇందులో నా బదులు ఎవరుంటారో చెప్పమనండి. వీలైతే ఆయనను వరుసగా నాలుగు రోజులు సెలవు పెట్టి ఆ కాపలా స్వయంగా చేయమనండి. చాలా ఇళ్లలో ఈ తగవు మాటలతో తీరదు, పని చేతికి వచ్చాక తీరుతుంది.

ఇక మీ బాధ. ఒక జీవిని దానికి కుదిరే ఇంటికి వెతికి, అన్నీ చెప్పి, జాగ్రత్తగా అప్పగించడం అన్యాయం కాదు. నిత్యం గదిలో బంధించి, భయంతో చూసే ఇంట్లో ఉంచడం కంటే రాకీకి కూడా అది మెరుగు. మీకు ఏడుపు వస్తుంది, రానివ్వండి. జ్వరంలో తోడున్న ప్రాణం అది.

బాబుకు మాత్రం అబద్ధం చెప్పవద్దు. పారిపోయిందనో, ఊరికి పోయిందనో చెబితే రోజూ గేటు దగ్గర ఎదురుచూస్తాడు. నువ్వు చపాతీ పడేసినందుకే పంపేశామని ఎవరూ అనకుండా చూసుకోండి, పిల్లలు అలాంటి మాటలు మోస్తారు. చెల్లి చిన్నది కాబట్టి రాకీని పెద్దవాళ్లుండే ఇంటికి ఇచ్చామని, అక్కడ దానికి పేరు, గిన్నె, బొంత అన్నీ అవే ఉన్నాయని చెప్పండి. ఆ ఇంటివాళ్లు ఒప్పుకుంటే ఫోన్‌లో దాని ఫొటో చూపించండి. రాకీ బొంత, గిన్నె నిజంగానే దానితోపాటు పంపండి, కొత్త చోట అలవాటు పడటానికి తన వాసన ఉన్న గుడ్డ దానికి అవసరం.